కుడి చేతి కొలత

కోట్ల మాస్టారంటే కోట్లున్న మాస్టారనుకునేరు! కోట్లు కుట్టే మాస్టారు. నలభై ఆరేళ్ల పాటు ఒకే గదిలో, ఒకే కిటికీ పక్కన, మోకాళ్లు అరిగేదాకా మిషను తొక్కినవాడు. ఇప్పుడు కొట్టు కూతురిది. ఆయన మాత్రం పొద్దున్నే వచ్చి కిటికీ పక్క కుర్చీలో కూర్చుంటాడు. కూతురు కత్తెర పట్టినప్పుడల్లా "అంత దగ్గరికి కోస్తే ఎలాగే? రేపు వదులు చెయ్యమంటే గుడ్డ ఎక్కణ్నుంచి తెస్తావు?" అని సణుగుతాడు. ఆవిడ ఈ చెవిన విని ఆ చెవిన వదిలేస్తుంది. తనకంటే ఆవిడ కోతే తీరుగా ఉంటుందని ఆయనకి తెలుసు. ఆ ముక్క మాత్రం చచ్చినా చెప్పడు.

చెప్పకపోవడం ఆయనకి వృత్తితో వచ్చిన అలవాటు. టైలరు ముందు మనిషి పైగుడ్డ విప్పి నిలబడతాడు. ఎవరి భుజం జారిందో, ఎవరి వీపు ఒంగుతోందో, ఎవరు ఊపిరి బిగబట్టి పొట్ట లోపలికి లాక్కుంటున్నారో టేపుకి ఇట్టే తెలిసిపోతుంది. ఊళ్లో పెద్దమనుషుల నిండైన భుజాల్లో సగం ఈయన పెట్టిన దూదే. అయినా ఒకరి సంగతి ఇంకొకరి దగ్గర ఎత్తి ఎరగడు. సొంత భార్య బతికుండగా, "ఫలానా ఆయన సన్నబడ్డట్టున్నాడేమండీ?" అనడిగితే, "నాకేం తెలుసు, అద్దంలో ఆయన్నే చూసుకోమను" అని కసిరినవాడు. ఆవిడ వారం రోజులు మాట్లాడలేదు. అయినా ఆయన చలించలేదు.

అలాంటి మనిషికి సినిమా పిలుపు వచ్చింది. ఫిడేలాయన మీద తీసిన సినిమా. ఆదివారం మధ్యాహ్నం ఆట, పిలిచినవాళ్లకే. ఫిడేలాయన పోయి పదిహేడేళ్లయింది. ఫిడేలు పెట్టె మూసి పంతొమ్మిదేళ్లు. దేశదేశాలు తిరిగి వాయించిన మనిషి ఒకానొక రోజున వాయించడం ఆపేసి, ఆ తర్వాత రెండేళ్లు బతికీ ఎందుకాపాడో నోరు విప్పి ఒక్కరికీ చెప్పలేదు. ఆ కారణం కోసమే ఈ సినిమా తీశారట.

"నేను రానే. ఆ చీకట్లో నడుం పట్టేస్తుంది" అన్నాడు మాస్టారు.

"నడుమా? నిన్న మూడు గంటలు వంగి పాత మిషను విప్పావు. అప్పుడు పట్టలేదేం?" అంది కూతురు. "కార్డు మీద మనిద్దరికీ ముందు వరసలో సీట్లు వేశారు. లే నాన్నా, వేషాలెయ్యకు."

ఆయన భయం నడుం గురించి కాదు. ఆ కారణం ఆయనకి తెలుసు. ఆయనకొక్కడికే తెలుసు.

ఫిడేలు వాయించేవాడికి కోటు కుట్టడం ఆషామాషీ కాదు. చెయ్యి ఆడాలి కదా అని మామూలు టైలర్లు చంక వదులుగా కోస్తారు. అక్కడే బోల్తా పడతారు. చంక వదులైతే విల్లు లేచినప్పుడల్లా కోటంతా దాంతో పాటు లేచి, మనిషి కోటులో మునిగిపోయినట్టు కనిపిస్తాడు. కుడి చంక ఎత్తుగా, బిగువుగా కోయాలి. అప్పుడు చెయ్యొక్కటే కదులుతుంది, కోటు ఉన్నచోటే ఉంటుంది. ఎడమవైపు ఫిడేలు ఆనేచోట కాలరు కింద గుడ్డ పలచగా ఉండాలి. ఇదంతా మాస్టారు ఎవరి దగ్గరా నేర్చుకోలేదు. మొదటి కోటు మూడుసార్లు పాడుచేసి నేర్చుకున్నాడు. నాలుగోసారి తొడుక్కుని ఫిడేలాయన కొట్టు మధ్యలో నిలబడి, ఉత్త చేత్తో గాల్లో విల్లు లాగి, "మాస్టారూ, ఒంటి మీద ఏమీ లేనట్టే ఉంది!" అని పకపకా నవ్వాడు. ఆ రోజు నుంచి ఇంకో టైలరు గడప తొక్కలేదు.

మొదటి కోటుకి కుడి జబ్బ చుట్టుకొలత పన్నెండున్నర అంగుళాలు. ఎన్నో ఏళ్లు అదే కొలత. ఆయన వాయించడం ఆపడానికి రెండేళ్ల ముందు ఒకనాడు పదకొండున్నర వచ్చింది. టేపు జారిందేమోనని మాస్టారు మళ్లీ కొలిచాడు. ఎడమ జబ్బ కొలిచాడు, అది పన్నెండున్నరే. నోరెత్తకుండా పుస్తకంలో రాసుకుని కుడి చేతి లోపల పలచగా దూది పరిచి కుట్టాడు. తర్వాతి కోటుకి పదిన్నర. ఆ రోజు ఫిడేలాయన అద్దంలో కాకుండా మాస్టారు మొహంలోకి చూశాడు.

"నరం చచ్చిపోతోందట మాస్టారూ. పై ఊరు వెళ్లి చూపించుకొచ్చాను. మందు లేదన్నారు. ఇది మీకూ నాకూ మధ్యే ఉండాలి."

"ఉంటుంది బాబుగారూ" అన్నాడు మాస్టారు. ఆ రోజుకి ఆయన మనసులో అది చాలా పెద్ద మాట కూడా కాదు. వందమంది కొలతలు కడుపులో దాచుకున్నవాడికి ఇంకొకటి. కోటుకే కాదు, ఇంట్లో వేసుకునే పొడుగు చేతుల చొక్కాలకి కూడా లోపల దూది పెట్టి కుట్టిచ్చాడు. ఎక్కడా ఎత్తుపల్లం కనబడనివ్వలేదు. పనితనం అంటే అదీ అని మురిసిపోయాడు కూడా, ఎందుకు దాచాలి!

మూడేళ్ల కిందట సినిమా తీసే అమ్మాయి కొట్టుకి వచ్చింది. చురుకైన పిల్ల. పెన్ను చెవిలో దోపుకుని, ప్రశ్నలతో ఊపిరాడనివ్వలేదు. చివరి కోటు ఎక్కడా దొరకలేదంది, దాని కొలతలు కావాలంది, సినిమాలో అలాంటిదే కుట్టించాలంది. కొలతలు లేవంటే అనుమానం వస్తుంది. ఉన్నవి ఇస్తే గుట్టు బయటపడుతుంది. మాస్టారు లోపలికెళ్లి, మొదటి కోటు పేజీ తీసి, అందులో అంకెలన్నీ ఒక కాగితం మీద ఎక్కించి, పైన 'చివరి కోటు' అని రాసిచ్చాడు. పిల్లకి టీ తాగించి, గుండీల గురించీ కాజాల గురించీ గంటసేపు చెప్పి పంపించాడు. చనిపోయినాయనకిచ్చిన మాట నిలబెట్టానని ఆ పూట తృప్తిగా భోంచేశాడు.

ఇప్పుడు ఆ పిల్ల ఇంకెక్కడైనా తీగ లాగి డొంక కదిలించిందేమోనని ఆయన భయం. సినిమా హాల్లో ముందు వరసలో కూర్చుంటే ఆ భయం ఇంకాస్త పెరిగింది. నాలుగు సీట్ల అవతల ఫిడేలాయన భార్య ఉంది. అమ్మగారు. ఎనభైకి దగ్గర పడ్డ మనిషి, వీపు మాత్రం కర్ర పెట్టినట్టు నిటారు. మాస్టారిని చూసి కనుబొమ్మలెగరేసి "వచ్చారే!" అంది. ఆయన తల ఊపాడు. దీపాలు ఆరిపోయాయి.

సినిమా మొదలయింది. తెర మీదకి ఎనిమిదేళ్ల ఆడపిల్ల వచ్చింది. ముందు పళ్లు రెండూ ఊడిపోయాయి. అందరూ ఆ పిల్లని ఫిడేలాయన పేరు పెట్టి పిలుస్తున్నారు.

"ఇదేం చోద్యమే? ఆయన మగాడు కదా!" అన్నాడు మాస్టారు.

"ఉష్. చూడు నాన్నా."

కాసేపటికి ఆ పిల్ల ఒక తలుపు లోంచి బయటికెళ్లింది. అదే తలుపు లోంచి బొద్దుగా ఉన్న కుర్రాడొకడు లోపలికొచ్చాడు. ఇప్పుడు ఫిడేలాయన వాడట. వాడు తెర మీద ఉన్నంతసేపూ చెప్పులు వెతుక్కుంటూనే ఉన్నాడు. తర్వాత జుట్టు కత్తిరించుకున్న నడివయసు ఆడమనిషి. ఆ తర్వాత ఒక్క మాట కూడా మాట్లాడని బక్కపలచటి మనిషి. నలుగురిలో ఒక్కరికీ ఆయన పోలికే లేదు. ఒక్కరి చేతిలోనూ ఫిడేలు లేదు. ఫిడేలు ఎప్పుడు వినిపించినా గోడ అవతల నుంచో, మేడ మెట్ల మీద నుంచో, పక్కింటి కిటికీ లోంచో వినిపిస్తోంది. తెర మీద ఇల్లాలు గిన్నెలు సర్దుతూ వింటుంది. డ్రైవరు కారు తుడుస్తూ వింటాడు. అంతే.

మాస్టారుకి మొదట ఒళ్లు మండింది. నిక్షేపంలాంటి మనిషి జీవితాన్ని కలగాపులగం చేసిపారేశారనుకున్నాడు. వెనకాల ఎవరో ఆవులించడం కూడా వినిపించింది. కానీ ఆ నడివయసు ఆడమనిషి కుర్చీలో కూర్చోబోతూ, ఎవరో పిలిచినట్టు మెడ కుడివైపుకి తిప్పి, అప్పుడు కూర్చుంది. మాస్టారు గతుక్కుమన్నాడు. అచ్చం ఆయనే! కొట్లో బల్ల మీద కూర్చోబోయే ప్రతిసారీ అలాగే చేసేవాడు. అలా ఎందుకు చేసేవాడో తను ఒక్కసారీ అడగలేదు. అక్కణ్నుంచి మాస్టారు సణగడం మానేశాడు. మొహం కలవని మనుషుల్లో ఆయన్ని వెతుక్కోవడం మొదలుపెట్టాడు. అసలు మొహం ఎదురుగా ఉన్నన్నాళ్లూ తను చూసింది కొలతలే కదా అనిపించింది. ఆ ఆలోచన ఆయనకేమీ నచ్చలేదు.

ఆఖరి భాగంలో ఆ బక్క మనిషి కూడా తలుపు లోంచి వెళ్లిపోయాడు. బదులుగా ఎవరూ రాలేదు. కుర్చీ వెనక ఒక కొయ్య స్టాండు, దానికి తగిలించిన నల్ల కోటు. ఇక నుంచీ కోటే ఫిడేలాయన. అందరూ కోటుతోనే మాట్లాడుతున్నారు. కోటుకి కాఫీ తెచ్చి పెడుతున్నారు. కోటు పక్కన కారులో కూర్చుంటున్నారు.

మాస్టారు ముందుకి వంగాడు. కోత చూడగానే గుర్తుపట్టాడు. కుట్టింది వేరే వాళ్లయినా అంకెలు తనవి. రెండు చేతులూ సమానంగా, నిండుగా, బలంగా వేలాడుతున్నాయి. చివరి రోజుల్లో ఫిడేలాయనకి ఆ కోటు తొడిగి ఉంటే కుడి చెయ్యి ఖాళీ సంచీలా ఊగేది. తెర మీద కోటు మాత్రం ఇవాళ లేచి వాయించగల మగాడిలా ఉంది.

కోటు కారులో వెనక సీట్లో ఉంది. పక్కన ఎవరూ కనిపించడం లేదు. అప్పుడొక గొంతు వినిపించింది. నటి గొంతు కాదు. నాలుగు సీట్ల అవతల కూర్చున్న అమ్మగారి సొంత గొంతు, ఎప్పుడో రికార్డు చేసింది.

"ఆ రోజు కచేరీ అయ్యాక కారులో నేనే అన్నాను. నీ విల్లులో ప్రాణం లేదు, పేరు అడ్డం పెట్టుకుని వాయిస్తున్నావు, ఇలా వాయించే బదులు పెట్టె మూసి ఇంట్లో కూర్చోవడం నయం అన్నాను. ఆయన ఏమీ అనలేదు. మర్నాడు పొద్దున్న పెట్టె మూసేశాడు. మళ్లీ తెరవలేదు."

తెర మీద కోటు ఒక భుజం నుంచి మెల్లగా జారింది. రెండో భుజం నుంచీ జారి సీటు కిందకి పడిపోయింది. సినిమా అయిపోయింది.

హాల్లో 'అయ్యో' అన్న నిట్టూర్పు లేచింది. మాస్టారు వెనక వరసలో ఒకావిడ పక్కావిడతో, "ఎంత మాట! నోరా అది? నిలువునా చంపేసింది కదమ్మా మనిషిని!" అంది. ముందు వరసలో ఎవరున్నారో ఆవిడకి తెలియదు కాబోలు. అమ్మగారు మాత్రం తల తిప్పలేదు.

కారులో జరిగిన సంగతి మాస్టారుకి ఇప్పటిదాకా తెలియదు. ఫిడేలాయన ఆపింది చెయ్యి చచ్చుబడి. అంతే ఆయనకి తెలిసింది. ఒకే ఇంట్లో ఉన్న భార్యకి ఎప్పుడో ఒకప్పుడు తెలిసే ఉంటుంది, తెలిసినా మొగుడి పరువు కోసం దాచి ఉంటుంది అనుకున్నాడు. ఎలా తెలుస్తుంది? పొడుగు చేతుల చొక్కాల్లో దూది కూర్చి ఇచ్చింది ఎవరు? చివరి జబ్బులో మనిషంతా పుల్లలా ఎండిపోయాడు. అందులో ఒక చెయ్యి ముందే ఎండిందని ఎవరు పోల్చుకుంటారు? పంతొమ్మిదేళ్లుగా ఆవిడ ఆ మాటని మోస్తోంది. అదీ పక్క వీధిలో. ఏడాదికి రెండుసార్లు తన కొట్టుకి వచ్చి, గుండీలు కుట్టించుకుని, కుశలం అడిగి వెళుతూ.

దీపాలు వెలిగాయి. సినిమా తీసిన అమ్మాయి వేదిక ఎక్కింది. అమ్మగారిని పైకి తీసుకెళ్లి కుర్చీలో కూర్చోబెట్టారు. జనంలోంచి ఒక పెద్దాయన లేచి అడిగాడు.

"ఆయనకి అప్పటికే ఏదైనా జబ్బు ఉందేమో, కనుక్కున్నారా? ఒక్క మాటకే ఎవరైనా ఆపేస్తారా?"

"మాకూ అదే అనుమానం వచ్చిందండీ" అంది ఆ అమ్మాయి. "చివర్లో చెయ్యి బలహీనపడినట్టు అనిపించిందని శిష్యుడొకాయన అన్నారు. వైద్యుల కాగితాలేవీ దొరకలేదు. ఇక చివరికి కోటు కుట్టిన మాస్టారు దగ్గరికి వెళ్లాను. ఆయన చివరి కోటు కొలతలు రాసిచ్చారు. అమ్మగారి దగ్గరున్న మొదటి కోటుతో పోల్చి చూశాం. కుడి చెయ్యి చుట్టుకొలత ఒక్క దారం కూడా తేడా లేదు! జబ్బుంటే టేపుకి తెలియకుండా ఉంటుందా? అప్పుడు అర్థమైంది, ఆపింది ఆ మాటేనని. మాస్టారు ఇక్కడే ఉన్నారు. ఆయన లేకపోతే ఈ సినిమాకి ముగింపు లేదు."

హాలంతా చప్పట్లు. "లే నాన్నా, లే" అని కూతురు మోచేత్తో పొడిచింది. మాస్టారు సగం లేచి మళ్లీ కూర్చున్నాడు. జనం దాన్ని వినయం అనుకుని ఇంకా గట్టిగా కొట్టారు. వేదిక మీద నుంచి అమ్మగారు ఆయన వైపు చూసి, మంచి పని చేశారన్నట్టు తల ఊపింది.

ఎవరో ఆవిడని అడిగారు, ఆ మాట అన్నందుకు బాధపడతారా అని. అదేం ప్రశ్నో! ఆవిడ మైకు దగ్గరికి తీసుకుంది.

"అన్నది నేనేనండీ. దాచేదేముంది? ముప్ఫై ఏళ్లు ఆయన వాయించింది మొదట విన్నది నేను. బాగున్నప్పుడు బాగుందనేదాన్ని, లేనప్పుడు లేదనేదాన్ని. ఆ రోజు కూడా బాగాలేదనే వినిపించింది. ఆ తర్వాత నా చెవి మీద నాకే నమ్మకం పోయింది. ఇప్పుడు ఎవరొచ్చి వాయించినా బాగుందనే అంటున్నాను. అంతకంటే ఇంకేం అననండి."

మాస్టారు కూతురి చెయ్యి గట్టిగా పట్టుకున్నాడు. కూతురు ఇటు తిరిగింది.

"ఏమైంది నాన్నా?"

"నేనిచ్చింది తప్పుడు కొలతే" అన్నాడు. ఇరవయ్యొక్క ఏళ్లలో ఆ సంగతి ఆయన నోటి నుంచి బయటికి రావడం అదే మొదటిసారి. వచ్చింది కదా అని తడబడుతూ మిగతాది కూడా చెప్పేశాడు. పదకొండున్నర, పదిన్నర, చివరికి తొమ్మిది. దూది. చొక్కాలు. మాట.

"అయితే లేచి చెప్పు" అంది కూతురు.

"ఇంతమందిలోనా? మాటిచ్చానే తల్లీ. ఆయన గుట్టు..."

"ఇంతమందిలో చప్పట్లు కొట్టించుకున్నావుగా" అంది కూతురు. మరీ అంత కటువుగా అనాల్సింది కాదేమో. కానీ ఆవిడ అసలు ఆ తండ్రి కూతురే. కోసేటప్పుడు చెయ్యి వణకదు.

మాస్టారు హాల్లో లేవలేకపోయాడు. నిజం చెప్పాలంటే ఆయనకి అంత గుండె లేదు. జనం బయటికి కదిలేదాకా ఆగి, అమ్మగారు దిగే మెట్ల దగ్గరికి వెళ్లి నిలబడ్డాడు. ఆవిడ చుట్టూ ఉన్నవాళ్లు ఫొటోలు తీసుకుని ఒక్కొక్కరే తప్పుకున్నారు. ఆవిడ కమ్మీ పట్టుకుని ఒక్కో మెట్టూ దిగుతూ ఈయన్ని చూసింది.

"ఏం మాస్టారూ, సినిమాలో కోటు బాగా కుట్టారా? మీకెవరి పనీ నచ్చదుగా?"

"అమ్మగారూ, ఒక్క నిమిషం కూర్చుంటారా?"

"ఎందుకు, నడుం పట్టిందా?"

"కాదమ్మా. నేనో పాపిష్టి పని చేశాను."

ఆవిడ నవ్వు ఆపింది. గోడ పక్కనున్న బల్ల మీద కూర్చుంది. మాస్టారు నిలబడే చెప్పాడు. కొట్లో టేపు జారిందనుకున్న రోజు దగ్గర మొదలుపెట్టి, సినిమా అమ్మాయికి ఏ పేజీ చూసి రాసిచ్చాడో అక్కడిదాకా ఏదీ దాచకుండా చెప్పాడు. ఏళ్ల తరబడి నోరు కట్టేసుకున్నవాడికి మాటలు సరిగ్గా రావు. ముందుది వెనక, వెనకది ముందు చెప్పాడు. ఆవిడ ఒక్కచోట మాత్రం ఆపింది.

"ఆ చివరి కచేరీ నాటికి ఎంత?"

"తొమ్మిది. పన్నెండున్నర ఉండాల్సిన చోట తొమ్మిదమ్మా. ఆ చేత్తో విల్లు ఎలా లాగాడో ఆ భగవంతుడికే తెలియాలి. మీ మాట వల్ల కాదు తల్లీ ఆయన ఆపింది. మీరు ఆ మాట అనకపోయినా ఇంకో నెలకి ఆగిపోయేదే."

ఆవిడ తేలిగ్గా ఊపిరి పీల్చుకుంటుందని ఆయన అనుకున్నాడు. ఆవిడ మొహం ఎర్రబడింది.

"పంతొమ్మిదేళ్లు మాస్టారూ! ఎన్నిసార్లు మీ కొట్టుకి వచ్చాను? ఎన్నిసార్లు ఆ కుర్చీలో కూర్చున్నాను?"

"మాటిచ్చానమ్మా."

"ఎవరికి? పోయినాయనకి. నేను బతికే ఉన్నానుగా! నేను గుర్తురాలేదా మీకు?"

గుర్తురాలేదు, అదే నిజం. మాస్టారు పుస్తకంలో కొలతలిచ్చినవాళ్ల పేజీలుంటాయి. వాళ్ల కోసం ఇంట్లో ఎదురుచూసేవాళ్లకి పేజీ ఉండదు. తను నిజాయితీ అనుకుంటూ గర్వపడిందంతా ఈ మనిషి నెత్తిన పెట్టిన బండ. ఆయనకి ఏడుపొచ్చింది. అక్కడే, మెట్ల దగ్గర, పోస్టర్ల కింద నిలబడి భుజం మీది గుడ్డతో మొహం తుడుచుకున్నాడు.

"నాతో ఎందుకు చెప్పలేదాయన?" అంది అమ్మగారు. గొంతు తగ్గింది. "మీతో చెప్పగలిగాడు. నాతో ఎందుకు చెప్పలేదు?"

"నేనూ అడిగానమ్మా. పదిన్నర వచ్చిన రోజే అడిగాను, అమ్మగారికి చెప్పరా అని."

"ఏమన్నాడు?"

ఇన్నేళ్లూ తలవని ఆ మాటని మాస్టారు గుర్తుచేసుకున్నాడు. ఒక్క ముక్క కూడా తేడా రాకూడదని కళ్లు మూసుకున్నాడు.

"'చెబితే ఇంక నా వాయింపు వినదు మాస్టారూ. నా చెయ్యి చూస్తూ కూర్చుంటుంది. బాగాలేకపోయినా పాపమని బాగుందంటుంది. ఉన్నదున్నట్టు చెప్పే మనిషి నాకు లోకంలో ఆవిడొక్కతే. బాగాలేదని ఆవిడ అన్న రోజున మానేస్తాను' అన్నాడమ్మా."

అమ్మగారు రెండు చేతులూ ఒళ్లో పెట్టుకుని కదలకుండా కూర్చుండిపోయింది. అవతల ఊడ్చేవాళ్లు తలుపులు తెరిచారు, సాయంత్రపు వెలుతురు మెట్ల మీద పడింది.

"అయితే నేను సరిగ్గానే విన్నాను" అంది. "ప్రాణం లేదు ఆ విల్లులో. సరిగ్గానే విన్నాను కదూ?"

"సరిగ్గానే విన్నారమ్మా."

"నా మాటకే ఆపాడు. ఆపాలని ముందే అనుకుని, నా మాట కోసమే చూశాడు." ఆవిడ కళ్లలోంచి నీళ్లు జారుతున్నాయి, తుడుచుకోవడం లేదు. "ఎంత మొండి మనిషి! రెండేళ్లు పక్కనే ఉండి కూడా చెప్పలేదు. మీరు ఆయన కంటే మొండి. మీ ఇద్దర్నీ ఏం చెయ్యాలి నేను?"

మాస్టారు చెయ్యందించబోయాడు. ఆవిడ పట్టుకోలేదు. కమ్మీ పట్టుకుని తనంతట తనే లేచింది. వీపు నిటారుగా పెట్టుకుని గుమ్మం దాకా నడిచి, అక్కడ ఆగి వెనక్కి తిరిగింది.

"రేపు పొద్దున్న ఇంటికి రండి. ఆ పిల్లని కూడా పిలిపిస్తాను, దానికీ తెలియాలి. కానీ దానికంటే ముందు నాకు చెప్పాలి. ఆ కొట్లో కూర్చుని ఆయన ఇంకా ఏమేం అన్నాడో అన్నీ. నవ్వినవీ, తిట్టినవీ. ఒక్క మాట కూడా మీ దగ్గర మిగుల్చుకోవడానికి వీల్లేదు."

"అలాగేనమ్మా" అన్నాడు మాస్టారు.

ఆవిడ వెళ్లిపోయింది. ఆయన అదే బల్ల మీద కూర్చున్నాడు. ఊడ్చేవాళ్లు ఆయన కాళ్ల చుట్టూ ఊడ్చుకుంటూ పోయారు. ఇరవై ఏళ్లకి పైగా వచ్చిపోయిన మనిషి ఎన్ని మాటలు అని ఉంటాడు! విన్నది విన్నట్టు మరిచిపోవడమే మర్యాద అనుకున్నవాడికి ఇప్పుడు ఎన్ని గుర్తుకొస్తాయి? ఒకసారి వానలో తడిసి వచ్చి ఏదో అన్నాడు. ఏమన్నాడు? భార్య మాటే ఎత్తాడు, ఆవిడ గురించి ఏదో మంచి మాటే. ఎంత గింజుకున్నా ఆ వాన గుర్తొస్తోంది, ఆ మాట రావడం లేదు.

"పద నాన్నా, తలుపులు వేసేస్తారు" అంది కూతురు.

"ఆగవే కాస్త" అన్నాడు మాస్టారు, కళ్లు గట్టిగా మూసుకుని. "ఆయనేదో అన్నాడు."